ప్లగ్‌కు దూరంగా ఎన్ని గంటలు?

చిన్న ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్ళినవాళ్ళు షాపులో మొదట అడిగేది "ఐ5ఆ, ఐ7ఆ?" అని. ఆ తర్వాత ర్యామ్ ఎంత, ధర ఎంత. బ్యాటరీ బ్యాకప్ సంగతి చివర్లో వస్తుంది, అప్పటికి సేల్స్‌మన్ చెప్పిన గంటలకు తల ఊపేస్తారు. ఈ వరుసను తిరగేయమని చెప్పడానికే ఈ అధ్యాయం. భుజానికి తగిలించుకుని తిరిగే కంప్యూటర్‌ను దాని గరిష్ఠ వేగం చూసి ఎంచుకుంటే తప్పటడుగు పడుతుంది. మీరు రోజూ చేసే పని ఒక గంట సాగడానికి మొత్తం మెషీన్ సగటున ఎన్ని వాట్లు తీసుకుంటుందన్నదే అసలు కొలత. మిగతా అంకెలన్నీ ఆ కొలతకు లోబడి చూడవలసినవే. లెక్క చాలా తేలిక. బ్యాటరీ మీద వాట్-అవర్లు అని ఒక అంకె ఉంటుంది. దాన్ని మెషీన్ సగటు వాడకంతో భాగిస్తే గంటలు వస్తాయి. 50 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ సగటున 5 వాట్లు తీసుకుంటే పది గంటలు పనిచేస్తుంది. 25 వాట్లు తీసుకుంటే రెండు గంటలకు చతికిలబడుతుంది. పెద్ద బ్యాటరీ పెట్టి ఈ లెక్కను మెరుగుపరచుకోవచ్చు గానీ దానికి హద్దుంది. బరువు పెరుగుతుంది, పైగా విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్ళగల బ్యాటరీ 100 వాట్-అవర్లకు మించకూడదు. కాబట్టి నిజంగా లాభం తెచ్చేది కింద ఉన్న అంకె, అంటే వాడకం తగ్గడం.

ఇక్కడే మొదటి చిక్కు. ప్రాసెసర్ వివరాల్లో "6 వాట్లు", "15 వాట్లు" అని కనిపించే అంకెను చాలామంది దాని వాడకంగా చదువుతారు. అది ఎడతెగని పనిలో చిప్ నుంచి పుట్టే వేడిని బయటికి పంపడానికి ఎంత ఏర్పాటు కావాలో ల్యాప్‌టాప్ తయారుచేసేవాళ్ళకు చెప్పే అంకె. ఇంటెల్ ఐ5-1235యు ప్రాసెసర్‌కు మూల అంకె 15 వాట్లు. అదే చిప్ కొద్దిసేపు టర్బోలో పరుగెత్తేటప్పుడు 55 వాట్ల దాకా వెళ్ళవచ్చని ఇంటెల్ పత్రాలే చెబుతాయి. ఖాళీగా ఉన్నప్పుడు ఒక వాట్‌కు అటూఇటూ దిగిపోతుంది. ఒకే చిప్‌లో ఇంత తేడా ఉన్నప్పుడు ఆ 15 మీ రోజు గురించి చెప్పేది చాలా తక్కువ. 2013లో ఇంటెల్ తన పల్చని ట్యాబ్లెట్ల కోసం వేరే కొలత ఒకటి ప్రవేశపెట్టింది. పాత పద్ధతిలో 13 వాట్లు అని రాయవలసిన చిప్పులనే తేలికపాటి వాడకానికి 7 వాట్ల చిప్పులుగా చూపించింది. చిప్ మారలేదు, కొలిచే తీరు మారింది. కాబట్టి రెండు కంపెనీల వాట్ల అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చే ముందు అవి ఒకే రకం అంకెలేనా అని చూసుకోండి.

ఇంకో పాఠం 2008 నాటిది. అంతకు ముందు ఏడాది తైవాన్‌కు చెందిన ఆసుస్ ఈ-పీసీ 701 అనే ఏడంగుళాల బుల్లి ల్యాప్‌టాప్ తెచ్చింది, కిలో కూడా లేదు. నెట్‌బుక్ అనే తరగతి మొదలైంది దానితోనే. దాని వెనకే ఇంటెల్ ఇలాంటి మెషీన్ల కోసం ఆటమ్ ప్రాసెసర్‌ను విడుదల చేసింది. నెట్‌బుక్‌లలో ఎక్కువగా కనిపించిన ఎన్270కి కేవలం 2.5 వాట్లు. దాని డెస్క్‌టాప్ సోదరుడు ఆటమ్ 230కి 4 వాట్లు. అయితే ఆ 230ను కూర్చోబెట్టిన బోర్డు మీద, ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే పాత చిప్‌సెట్ 22 వాట్ల రకం! ఆ బోర్డులో ప్రాసెసర్ మీద ఊరికే లోహపు ముక్క ఉండేది, ఫ్యాన్ మాత్రం చిప్‌సెట్ మీద తిరిగేది. ప్రాసెసర్‌ను ఎంత పొదుపుగా తయారుచేసినా పక్కన ఉన్నవాళ్ళు దుబారా చేస్తుంటే బ్యాటరీకి ఒరిగేదేమీ లేదని ఇంతకంటే స్పష్టంగా చూపించే మెషీన్ లేదు. నేటి చిప్పుల్లో గ్రాఫిక్స్, మెమరీ కంట్రోలర్, ఇతర సర్క్యూట్లు అన్నీ ఒకే ప్యాకేజీలోకి చేరడానికి ఒక కారణం ఇదే. 2024 సెప్టెంబరులో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 200వి వరసలో ర్యామ్‌ను కూడా ప్రాసెసర్ ప్యాకేజీ మీదే పెట్టేశారు. డేటా ప్రయాణించే దూరం తగ్గింది, దానికి ఖర్చయ్యే కరెంటూ తగ్గింది. బదులుగా కొన్న తర్వాత ర్యామ్ పెంచుకునే వీలు పోయింది. అలాంటి మెషీన్ కొనేటప్పుడు 16 జీబీయా 32 జీబీయా అన్నది ఆ రోజే తేల్చుకోవాలి.

పొదుపు ఎక్కడ పుడుతుందో కొంచెం లోపలికి వెళ్ళి చూడటం అవసరం, ఎందుకంటే తర్వాత చెప్పబోయే సలహాలన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. చిప్‌లోని ట్రాన్సిస్టర్లు ఒక స్థితి నుంచి మరో స్థితికి మారినప్పుడల్లా కొంత విద్యుత్తు ఖర్చవుతుంది. ఆ ఖర్చు క్లాక్ వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పాటు కూడా పెరుగుతుంది. అంటే వోల్టేజీ ప్రభావం మరింత ఎక్కువ. వేగం, వోల్టేజీ రెండూ 20 శాతం చొప్పున తగ్గిస్తే ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది, పని మాత్రం ఐదింట నాలుగు వంతులు జరుగుతుంది. అందుకే చివరి కొద్ది శాతం వేగం కోసం పోటీపడే చిప్‌లు అంత కరెంటు మింగుతాయి. 2000 జనవరిలో ట్రాన్స్‌మెటా అనే కంపెనీ క్రూసో ప్రాసెసర్‌తో ముందుకొచ్చి, పని ఒత్తిడిని బట్టి వేగాన్నీ వోల్టేజీనీ క్షణక్షణం మార్చుకునే పద్ధతిని ప్రపంచానికి గట్టిగా చాటింది. ఆ కంపెనీ నిలబడలేదు, కానీ ఆ ఆలోచన ఇప్పుడు ప్రతి ఫోన్‌లో, ప్రతి ల్యాప్‌టాప్‌లో ఉంది. రెండో రకం ఖర్చు లీకేజీ. ట్రాన్సిస్టర్ ఆగి ఉన్నా దాని గుండా కొంత కరెంటు కారిపోతూనే ఉంటుంది, సరిగ్గా బిగించని కుళాయి లాగా. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యేకొద్దీ ఈ కారడం పెద్ద సమస్య అయింది. 2004లో ఇంటెల్ తెచ్చిన ప్రెస్కాట్ రకం పెంటియం 4 చిప్పులు 115 వాట్ల దాకా చేరాయి. దాని తర్వాత రావలసిన టేజస్ అనే చిప్‌ను ఆ ఏడాదే రద్దు చేసుకున్నారు. గిగాహెర్ట్జ్‌లు పెంచుకుంటూ పోయే దారి అక్కడితో మూసుకుపోయింది.

ఆ తర్వాత జరిగిందే నా వాదనకు అన్నిటికంటే బలమైన ఆధారం. అప్పటికే ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఉన్న ఇంటెల్ బృందం ల్యాప్‌టాప్‌ల కోసం ప్రత్యేకంగా పెంటియం ఎం అనే ప్రాసెసర్‌ను రూపొందించింది, 2003 మార్చిలో అది విడుదలైంది. 1.6 గిగాహెర్ట్జ్ పెంటియం ఎం 24.5 వాట్ల చిప్. చాలా పనుల్లో అది 2.4 గిగాహెర్ట్జ్ పెంటియం 4తో సమానంగా నిలిచింది. క్లాక్ తక్కువ, కానీ ఒక్కో క్లాక్‌కు జరిగే పని ఎక్కువ. మూడేళ్ళ తర్వాత, 2006లో, ఇంటెల్ తన డెస్క్‌టాప్‌ల కోసం కూడా ఈ ల్యాప్‌టాప్ వంశానికి చెందిన కోర్ డిజైన్‌నే ఎంచుకుంది. 95 నుంచి 130 వాట్ల పెంటియం డి స్థానంలో 65 వాట్ల కోర్ 2 డుయో వచ్చి, తక్కువ కరెంటుతో ఎక్కువ వేగం ఇచ్చింది. బ్యాటరీ కోసం పుట్టిన డిజైన్, గోడలోని ప్లగ్‌కు తగిలించిన మెషీన్లలోనూ గెలిచింది. తక్కువ కరెంటు అంటే తక్కువ సత్తా అని ఇప్పటికీ అనుకునేవాళ్ళు ఈ ఒక్క మలుపును గుర్తుంచుకుంటే చాలు.

ఇప్పుడు నిద్ర సంగతికి వద్దాం. మనం టైపు చేసేటప్పుడు ఒక అక్షరానికీ తర్వాతి అక్షరానికీ మధ్య సెకనులో ఐదో వంతు గడుస్తుందనుకోండి. ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ఆ వ్యవధిలో ఇరవై కోట్ల క్లాక్‌లు దొరుకుతాయి. ఒక అక్షరాన్ని తెర మీద చూపించడానికి అందులో అతి చిన్న భాగం చాలు. మిగిలిన సమయమంతా అది ఏం చేస్తోందన్నదే బ్యాటరీ ఆయుష్షును నిర్ణయిస్తుంది. ఈ సూత్రం పాతదే. 1983లో వచ్చిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100లో 2.4 మెగాహెర్ట్జ్ 80సీ85 చిప్ ఉండేది, వరుసకు 40 అక్షరాల చొప్పున ఎనిమిది వరుసల చిన్న తెర. నాలుగు పెన్‌సెల్ బ్యాటరీలతో ఇరవై గంటల దాకా నడిచేది. అమెరికాలో పాత్రికేయులు దాన్ని ఎంతగానో ఇష్టపడ్డారు. ఎక్కడో కూర్చుని వార్త టైపు చేసి, ఫోన్ లైన్ మీద ఆఫీసుకు పంపేవాళ్ళు. 1997లో బ్రిటన్ కంపెనీ సయాన్ తెచ్చిన సిరీస్ 5, సుమారు 18 మెగాహెర్ట్జ్ ఆర్మ్ చిప్‌తో, రెండు పెన్‌సెల్స్‌తో, జేబులో పట్టే కీబోర్డుతో అదే దారిలో నడిచింది. పిల్లల చదువు కోసం 2007లో ఉత్పత్తి మొదలైన ఎక్స్‌ఓ ల్యాప్‌టాప్‌లో ఇంకో అడుగు పడింది: తెర మీద పేజీ అలాగే ఉండగానే ప్రాసెసర్ పూర్తిగా నిద్రపోగలదు, చదువుతున్న పిల్లకు ఆ తేడా తెలియదు.

నేటి చిప్‌లలో ఈ నిద్ర మరింత లోతుగా, మరింత త్వరగా సాధ్యమవుతోంది, అందుకే కొంచెం విడ్డూరంగా కనిపించే ఒక ఫలితం వస్తుంది. ఊహ కోసం రెండు చిప్పులు తీసుకుందాం. మొదటిది 4 వాట్లతో ఒక పనిని పది సెకన్లలో ముగిస్తుంది, 40 జౌల్స్ ఖర్చు. రెండోది 12 వాట్లతో అదే పనిని రెండు సెకన్లలో ముగించి, మిగిలిన ఎనిమిది సెకన్లూ అర వాట్‌తో నిద్రపోతుంది. 24కు 4 కలిపి 28 జౌల్స్. పైకి మూడింతలు ఆకలిగా కనిపించిన చిప్ నిజానికి తక్కువ తిన్నది. మొదటి చిప్ పని ముగిసేదాకా మీరు ఎదురుచూస్తుంటే తెర వెలుగుతూనే ఉంటుంది, ఆ ఖర్చు అదనం. 2020 నవంబరులో వచ్చిన యాపిల్ ఎం1 దీనికి కళ్ళెదుట ఉన్న ఉదాహరణ. ఫ్యాన్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 49.9 వాట్-అవర్ల బ్యాటరీ పెట్టి, వెబ్ చూస్తే 15 గంటలు వస్తుందని యాపిల్ ప్రకటించింది. భాగించి చూడండి: తెర, వైఫై, అన్నీ కలిపి సగటున 3.3 వాట్లు. నిజమైన పని పడితే ఆ చిప్ ఒక్కటే పది వాట్లు దాటుతుంది. వేగంగా పని చేసే నాలుగు కోర్లు, పొదుపుగా పని చేసే నాలుగు కోర్లు పక్కపక్కన ఉండి, ఏ పని ఎవరికి అప్పగించాలో ఎప్పటికప్పుడు నిర్ణయించుకోవడమే అందులోని కిటుకు. ఫోన్ల కోసం ఆర్మ్ కంపెనీ 2011లోనే ఈ పద్ధతిని ప్రకటించింది, ఇంటెల్ 2021లో తన ప్రధాన చిప్పులకు దాన్ని తెచ్చుకుంది.

"అయితే నెట్‌బుక్‌లు ఎందుకు విసుగు తెప్పించాయి?" అని అడగవచ్చు. అవి హ్యాంగ్ అయ్యేవి, యూట్యూబ్ కూడా సాఫీగా ఆడేది కాదు. ఆ అనుభవం ఉన్నవాళ్ళకు తక్కువ వాట్ల చిప్ అంటేనే భయం. ఈ అభ్యంతరంలో నిజం ఉంది. తొలి ఆటమ్ ఆదేశాలను వచ్చిన వరుసలోనే చేసుకుపోయే సాదా డిజైన్, ఒకే కోర్. కానీ నింద అంతా దానిదే కాదు. చవగ్గా ఇచ్చే విండోస్ ఎక్స్‌పీ కోసం మైక్రోసాఫ్ట్ పెట్టిన షరతుల వల్ల ఆ మెషీన్లలో ర్యామ్ సాధారణంగా 1 జీబీకే పరిమితమైంది. స్టోరేజీ నెమ్మదిది. ర్యామ్ చాలక డిస్క్ మీదికి డేటా అటూఇటూ తిరుగుతుంటే ఎంత మంచి ప్రాసెసర్ అయినా చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. ఇవాళ 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100ను చూడండి. 6 వాట్ల చిప్, నాలుగూ పొదుపు కోర్లే. ఉత్తరాలు, లెక్కల షీట్లు, బ్రౌజర్, వీడియో క్లాసులకు హాయిగా సరిపోతుంది. అదే చిప్‌ను 4 జీబీ ర్యామ్‌తో, నెమ్మదైన ఈఎంఎంసీ స్టోరేజీతో అమ్మే మోడళ్ళు ఉన్నాయి. వాటిని కొంటే 2008 కథ మళ్ళీ మొదలవుతుంది. కనీసం 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న మోడలే తీసుకోండి, ధర కొంత పెరిగినా. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, చవక ల్యాప్‌టాప్‌లలో పొదుపు చిప్‌కు జతగా తరచు చిన్న బ్యాటరీ పెడతారు. తెర ఒక్కటే రెండు మూడు వాట్లు తీసుకుంటుంది కాబట్టి, చిప్ ఎంత ఆదా చేసినా చిన్న బ్యాటరీ లోటును అది పూడ్చలేదు. 6 వాట్ల చిప్, 36 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న మెషీన్ కంటే 15 వాట్ల చిప్, 60 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న మెషీన్ తేలికపాటి పనిలో ఎక్కువ గంటలు రావడం మామూలే.

రెండో అభ్యంతరం: ఎక్కడికి వెళ్ళినా ప్లగ్ పాయింట్ ఉంది, రైల్లో కూడా ఉంది, ఇంత లెక్క ఎందుకు? ప్లగ్ ఉన్నచోట కూడా వేడి ఉంటుందన్నది దీనికి నా జవాబు. ఖర్చయిన ప్రతి వాట్ చివరికి వేడిగా మారి బయటికి రావలసిందే. చిప్‌కూ గదికీ మధ్య ఉష్ణోగ్రత తేడాను బట్టే ఆ వేడి బయటికి పోతుంది. చిప్ 95 డిగ్రీల వరకు ఓర్చుకుంటుందనుకుంటే, 25 డిగ్రీల ఏసీ గదిలో తేడా 70 డిగ్రీలు. మే నెలలో రామగుండంలోనో నంద్యాలలోనో ఏసీ లేని 42 డిగ్రీల గదిలో తేడా 53కు తగ్గుతుంది. అంటే అదే ఫ్యాన్, అదే ల్యాప్‌టాప్ బయటికి నెట్టగల వేడి దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. అప్పుడు ఎక్కువ వాట్ల చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మీరు డబ్బు పెట్టి కొన్న గిగాహెర్ట్జ్‌లు ఎండాకాలం పూర్తిగా మీ చేతికి రావు. ఫ్యాన్ ఆగకుండా తిరిగి దుమ్ము లాగుతుంది, దుమ్ము పేరుకుంటే వేడి ఇంకా పెరుగుతుంది. లిథియం బ్యాటరీకి కూడా వేడి మంచిది కాదు, అది త్వరగా ముసలిదైపోతుంది. చల్లటి దేశాల ప్రయోగశాలల్లో చేసిన వేగం పరీక్షలు చూసి మనం మెషీన్లు ఎంచుకుంటున్నాం. మన వేసవిని ఆ పరీక్షలు లెక్కలోకి తీసుకోవు, మనమే తీసుకోవాలి.

ఆర్మ్ చిప్పులతో వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌ల గురించి వేరేగా చెప్పుకోవాలి. 2024 మధ్యలో స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్పులతో వచ్చినవి బ్యాటరీ విషయంలో చాలా ముందున్నాయి. ఇంటెల్ చిప్పుల కోసం రాసిన ప్రోగ్రాములను అవి అనువదించి నడుపుతాయి, చాలావరకు ఇబ్బంది రాదు. అయితే ఆపరేటింగ్ సిస్టమ్ లోతుల్లో పనిచేసే డ్రైవర్లను అలా అనువదించడం కుదరదు, వాటికి ఆర్మ్ రూపం విడిగా ఉండి తీరాలి. పాత ప్రింటర్లు, జీఎస్టీ రిటర్నులకు వాడే డిజిటల్ సంతకం టోకెన్లు ఇక్కడే మొరాయించవచ్చు. డీటీపీ పనిలో ఉన్నవాళ్ళు అను లాంటి పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఆ మెషీన్ మీద నడిపి చూడకుండా డబ్బు చెల్లించవద్దు. యూనికోడ్‌లో మాత్రమే తెలుగు రాసేవాళ్ళకు ఈ బెంగ లేదు.

మూడో అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటాను, పాక్షికంగా. గంటల తరబడి వీడియో ఎడిటింగ్, పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులను కంపైల్ చేయడం, భారీ గేమ్‌లు: వీటిలో ప్రాసెసర్‌కు నిద్రపోయే అవకాశమే రాదు. నిద్ర లేనప్పుడు నిద్ర నాణ్యతకు విలువ ఉండదు, ఎక్కువ వాట్లు, మంచి ఫ్యాన్ ఉన్న మెషీన్ కావలసిందే. అయితే ఇంజనీరింగ్ కాలేజీలో చేరుతున్న పిల్లలకు మొదటి రోజే రెండున్నర కిలోల గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిపెట్టే తల్లిదండ్రులు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ బరువైన పని వారంలో ఎన్ని గంటలు? పెద్ద మెషీన్ లెర్నింగ్ మోడళ్ళకు శిక్షణ ఇవ్వాలంటే ఆ ల్యాప్‌టాప్ కూడా చాలదు, కాలేజీ ల్యాబ్ కంప్యూటరో అద్దె సర్వరో వాడక తప్పదు. బరువైన పని ఎలాగూ వేరేచోట జరిగేటప్పుడు, చేతిలో ఉన్న మెషీన్ తేలిగ్గా ఉండి రోజంతా క్లాసులో తెరిచి ఉండగలగడమే చదువుకు పనికొస్తుంది.

కొన్న తర్వాత కూడా సగం పని మీ చేతిలో ఉంది. ప్రాసెసర్‌ను తరచు తట్టిలేపే ప్రోగ్రాములే దాని పొదుపుకు మొదటి శత్రువులు. 2007లో లినక్స్ కెర్నల్, ఏ పనీ లేనప్పుడు ప్రాసెసర్‌ను క్రమం తప్పక తట్టిలేపే టైమర్ టిక్కులను ఆపేయడం నేర్చుకుంది. అదే ఏడాది ఇంటెల్ విడుదల చేసిన పవర్‌టాప్ అనే సాధనం ఏ ప్రోగ్రామ్ సెకనుకు ఎన్నిసార్లు ప్రాసెసర్‌ను లేపుతోందో పేరుతో సహా చూపించింది. దుబారా బయటపడ్డాక చాలా ప్రోగ్రాములను వాటి రచయితలే సరిదిద్దుకున్నారు. విండోస్‌లో బ్యాటరీ సెట్టింగ్స్ తెరిస్తే ఏ యాప్ ఎంత శాతం తిన్నదో కనిపిస్తుంది. మూసేశామనుకున్న చాట్ యాప్‌లు, వీడియో ప్రకటనలు ఆడుతున్న బ్రౌజర్ ట్యాబ్‌లు ఆ జాబితాలో పైన ఉంటే ఆశ్చర్యపోవద్దు. తెర వెలుతురు తగ్గించడం, అవసరం లేని ట్యాబ్‌లు మూయడం, కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతట అవే మొదలయ్యే ప్రోగ్రాములను ఆపడం, ఈ మూడూ చేస్తే ఏమీ ఖర్చు పెట్టకుండా గంటలు పెరుగుతాయి.

కొత్త మెషీన్ ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే, వెనక్కి ఇచ్చే గడువు ముగియకముందే, ఈ పరీక్ష చేయండి. పూర్తిగా ఛార్జ్ చేసి ప్లగ్ తీసేసి, తెర వెలుతురు మీకు అలవాటైన స్థాయిలో ఉంచి, మీ మామూలు పని రెండు గంటలు చేయండి. వీడియో ఒకటి పెట్టి వదిలేస్తే అది మీ లెక్క అవదు. బ్యాటరీ ఎంత శాతం తగ్గిందో చూడండి. 50 వాట్-అవర్ల బ్యాటరీలో 30 శాతం పోతే 15 వాట్-అవర్లు, రెండు గంటలతో భాగిస్తే సగటున 7.5 వాట్లు. ఆ లెక్కన మొత్తం ఆరు గంటల నలభై నిమిషాలు. మీకు ప్లగ్‌కు దూరంగా ఎన్ని గంటలు కావాలో దానితో పోల్చి చూసుకోండి. బ్యాటరీ ఏటేటా కొంత సామర్థ్యం కోల్పోతుంది కాబట్టి, మొదటి రోజు లెక్క మీ అవసరం కంటే కనీసం నాలుగో వంతు ఎక్కువ ఉండేలా చూసుకోండి. అంత రాకపోతే ముందు యాప్‌ల జాబితా చూసి, దుబారా ఆపి, ఇంకోసారి కొలవండి. అప్పటికీ రాకపోతే ఆ మెషీన్‌ను గడువులోపల వెనక్కి ఇచ్చేయండి.